గొంతు బొమ్మ చెప్పేది, చెప్పనిది

ఈ ఎపిసోడ్‌లో నేను "బొమ్మ", "బొమ్మ" అని పదే పదే అన్నాను గానీ, చెవులతో వినే కార్యక్రమంలో బొమ్మ చూపించడం ఎవరి వల్లా కాదు కదా. అందుకే ఆ బొమ్మ సంగతి, దాని వెనకున్న చరిత్రతో సహా, ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మన శ్రోతల్లో ఎక్కువమంది ఇంటికి దూరంగా ఉండేవాళ్లే. అమ్మానాన్నల్ని, పెళ్లాం పిల్లల్ని రోజూ గొంతుల్లోనే కలుసుకుంటున్నారు. ఆ గొంతు మన దాకా ఎలా వస్తోంది, దారిలో ఏం పోగొట్టుకుంటోంది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది మనకి ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదు.

ముందు బొమ్మ అంటే ఏమిటో చూద్దాం. దీని పేరు స్పెక్ట్రోగ్రామ్. ఒక హార్మోనియాన్ని నిలువుగా నిలబెట్టారనుకోండి. మంద్రం మెట్లు కింద, తార మెట్లు పైన. మీరు మాట్లాడుతుంటే ఏ క్షణంలో ఏ మెట్టు దగ్గర శబ్దం ఉందో అక్కడ కాగితం మీద నల్లటి మరక పడుతుంది. శబ్దం గట్టిగా ఉంటే మరక ముదురుగా, మెల్లగా ఉంటే లేతగా. కాగితం కుడి నుంచి ఎడమకి జరుగుతూ ఉంటుంది కాబట్టి మాట మొత్తం ఎడమ నుంచి కుడికి పరుచుకుంటుంది. అంతే. "ఆ" అంటే కింది భాగంలో రెండు పట్టీలు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. "ఈ" అంటే ఒక పట్టీ అడుక్కి దిగిపోతుంది, ఇంకోటి బాగా పైకి ఎగబాకుతుంది. "స" అంటే పట్టీలేమీ ఉండవు, పై భాగంలో ఇసక చల్లినట్టు ఉంటుంది.

ఫోన్ కంపెనీ పుట్టించిన బొమ్మ

దీన్ని తయారుచేసింది అమెరికాలో, అదీ ఫోన్ కంపెనీ వాళ్లు. ఏటీ అండ్ టీ వారి బెల్ లాబొరేటరీస్‌లో రాల్ఫ్ పాటర్ నాయకత్వంలో 1940ల మొదట్లో ఈ పని సాగింది. ఆ లాబొరేటరీస్ పెద్ద ఆవరణ ఉన్న మర్రే హిల్ న్యూజెర్సీలోనే. ఇవాళ మనవాళ్లు అంతమంది ఉన్న ఎడిసన్ నుంచి కారులో వెళ్లి రాగల దూరం.

ఆ యంత్రం పనిచేసిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. 2.4 సెకన్ల మాట మాత్రమే అయస్కాంతపు టేపు మీద రికార్డు చేసేవారు. అదే ముక్కని గిరగిరా మళ్లీ మళ్లీ తిప్పేవారు. తిప్పిన ప్రతిసారీ ఒక జల్లెడ లాంటి ఫిల్టరు ఒక్కో మెట్టు చొప్పున పైకి జరుగుతూ, ఆ మెట్టులో ఉన్న శబ్దాన్ని మాత్రమే వదిలేది. డ్రమ్ము మీద చుట్టిన ప్రత్యేకమైన కాగితాన్ని ఒక సూది విద్యుత్తుతో కాల్చుకుంటూ పోయేది. రెండున్నర సెకన్ల మాటకి కూడా నిమిషాల తరబడి కూర్చోవాలి. ఫిల్టర్లు రెండు రకాలు. 300 హెర్ట్జ్ వెడల్పున్నది మాటలోని అక్షరాల కదలికని చూపించేది. 45 హెర్ట్జ్ వెడల్పున్న సన్నది స్వరం ఎత్తుపల్లాలని చూపించేది. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, చివర్లో మన ల్యాప్‌టాప్‌లో మళ్లీ ఎదురవుతాయి.

యుద్ధం జరుగుతున్నన్నాళ్లు ఈ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. 1945 నవంబరులో పాటర్ "సైన్స్" పత్రికలో రాశాక లోకానికి తెలిసింది. 1947లో పాటర్, జార్జ్ కాప్, హ్యారియట్ గ్రీన్ కలిసి "విజిబుల్ స్పీచ్" అనే పెద్ద పుస్తకం వేశారు. కనిపించే మాట అన్నమాట. ఈ పేరు కొత్తది కాదు. టెలిఫోను అలెగ్జాండర్ గ్రాహం బెల్ తండ్రి 1867లోనే తన ఉచ్చారణ లిపికి అదే పేరు పెట్టాడు. గ్రాహం బెల్ తల్లికీ, భార్యకీ ఇద్దరికీ వినపడదు. పాటర్ బృందం పెట్టుకున్న ఆశ కూడా అక్కడిదే: చెవులు పనిచెయ్యనివాళ్లు ఫోనులో వచ్చే మాటని కళ్లతో చదువుకోవాలి. అందుకోసం మాట్లాడుతుండగానే మెరిసే తెర కూడా తయారుచేశారు, కొందరికి నేర్పి చూశారు. నేర్చుకున్నవాళ్లు కొన్ని వందల మాటలు గుర్తుపట్టగలిగారు గానీ, రోజువారీ మాటల వేగాన్ని అందుకోవడం మాత్రం కుదరలేదు.

ఇంత చేసిన ఆ కంపెనీయే ఇంకో పని కూడా చేసింది. ఒకే తీగ మీద ఎక్కువ కాల్స్ పంపాలంటే ఒక్కో గొంతుని కొంత కత్తిరించాలి. ఎంత కత్తిరించినా మాట అర్థమవుతుందో కొలిచి చూశారు. చివరికి 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా చాలని ఫోన్ లోకంలో స్థిరపడింది. పైన చెప్పిన "స" ఇసకలో ఎక్కువ భాగం 4000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. అంటే పాత ఫోన్ లైనులో అది గడప దాటి లోపలికి రాదు. బ్యాంకుకి ఫోన్ చేసి పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు "ఎఫ్ యాజ్ ఇన్ ఫ్రాంక్, ఎస్ యాజ్ ఇన్ శామ్" అని ఎందుకు అడుగుతారో ఇప్పుడు తెలిసింది కదా. మీ ఉచ్చారణలో లోపం లేదు. ఆ రెండక్షరాల తేడా ఉన్న చోటునే లైను కోసేసింది.

పరుషాలు, సరళాలు, ఒక అమెరికన్ మాస్టారు

ఈ బొమ్మలు మన భాషదాకా ఎలా వచ్చాయి? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లీ లిస్కర్ అనే భాషాశాస్త్రవేత్త ఉండేవారు. తెలుగు నేర్చుకుని, అమెరికన్లకి నేర్పడానికి 1963లో "ఇంట్రడక్షన్ టు స్పోకెన్ తెలుగు" అనే పాఠ్యపుస్తకం రాశారు. మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1957లో డాక్టరేట్ తీసుకున్నది కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే. ఆ తర్వాత చాలా ఏళ్లకి, 1991లో, తెలుగు మాటల్లో ఊనిక ఎక్కడ పడుతుందన్న దాని మీద ఆయనా లిస్కర్ కలిసి ఒక పత్రం ఇచ్చారు.

లిస్కర్ ఇంకో చోట కూడా పనిచేసేవారు: అప్పట్లో న్యూయార్కులో ఉన్న హాస్కిన్స్ లాబొరేటరీస్. అక్కడ ఆర్థర్ అబ్రామ్సన్‌తో కలిసి 1964లో పదకొండు భాషల్లో ఒకే ఒక్క చిన్న సంగతిని కొలిచారు. పెదవులు విడిన క్షణానికీ, గొంతులో మోత మొదలైన క్షణానికీ మధ్య ఎంత సమయం? అదంతా స్పెక్ట్రోగ్రాముల మీద స్కేలు పెట్టి కొలిచిన లెక్క. ఆ పదకొండులో తెలుగు లేదు. తమిళం, హిందీ, మరాఠీ ఉన్నాయి. ఈ విషయంలో మాట మొదట్లో తమిళ "ప" మన "ప" లాంటిదే.

బళ్లో మనం పరుషాలు, సరళాలు అని చదువుకున్నాం. క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు. బొమ్మలో ఇవి చక్కగా విడిపోతాయి. మనం "బ" అన్నప్పుడు పెదవులు ఇంకా మూసి ఉండగానే గొంతు మోగడం మొదలవుతుంది. కాగితం అడుగున ఒక నల్లటి గీత ముందే కనపడుతుంది. "ప" అన్నప్పుడు పెదవులు విడిన వెంటనే మోత మొదలవుతుంది. తమిళంలో అది పది పన్నెండు మిల్లీ సెకన్లు. అమెరికన్ "పీ"కి మాత్రం దాదాపు అరవై. ఆ మధ్యలో గాలి బుస్సుమంటుంది, మన మహాప్రాణాల్లో లాగా. వాళ్ల "బీ" మాట మొదట్లో చాలాసార్లు ముందుగా మోగదు, పెదవులు విడిపోతుండగా మోగుతుంది. అంటే ఏమైంది? మన "ప" వాళ్ల "బీ" పక్కన వచ్చి కూర్చుంది.

అందుకే మీరు "పార్క్" అంటే వాళ్లకి "బార్క్" అని వినపడొచ్చు. పనిలో చేరిన కొత్తలో ఇలాంటివాటికే మనవాళ్లు తమకి ఇంగ్లీషు రాదని కుంచించుకుపోతుంటారు. తేడా యాభై మిల్లీ సెకన్లు, అంటే సెకనులో ఇరవయ్యో వంతు. మాట మొదట్లో వచ్చే పీ, టీ, కే దగ్గర దీపం ఆర్పేటప్పుడు వదిలే గాలిలో పిసరంత వదిలితే సరిపోతుంది. తెలివితేటలకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

"గొంతు ముద్ర" అన్న మాట చేసిన చేటు

ఇంతవరకు బొమ్మ మంచి పనులే చేసింది. 1962లో కథ తిరిగింది. బెల్ లాబొరేటరీస్‌లోనే పనిచేస్తున్న లారెన్స్ కెర్‌స్టా "నేచర్" పత్రికలో ఒక వ్యాసం రాశాడు. వేలిముద్రని "ఫింగర్‌ప్రింట్" అంటారు కదా, అదే దారిలో దీన్ని "వాయిస్‌ప్రింట్" అన్నాడు. కొద్ది రోజుల శిక్షణ ఇచ్చిన హైస్కూలు అమ్మాయిలు కూడా ఈ బొమ్మలు చూసి మనుషుల్ని 99 శాతానికి పైగా సరిగ్గా గుర్తుపట్టారని చెప్పాడు. తర్వాత ఆయన సొంతంగా న్యూజెర్సీ సోమర్‌విల్‌లో కంపెనీ పెట్టాడు. బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుడికి వెళ్లినవాళ్లకి తెలుసు, ఆ ఊరు పక్కనే. అక్కణ్ణుంచి కోర్టులకి సాక్ష్యానికి వెళ్లడం మొదలుపెట్టాడు.

1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేటలో నల్లజాతి వాళ్ల మీద పోలీసుల తీరుతో అల్లర్లు రేగాయి. టీవీ వాళ్లు ఒక యువకుణ్ణి కెమెరాకి వీపు పెట్టించి మాట్లాడించారు. దుకాణాలకి నిప్పు పెట్టానని అతను చెప్పుకున్నాడు. మొహం కనపడలేదు, గొంతు మాత్రమే ఉంది. పోలీసులు ఒకతన్ని పట్టుకున్నారు. కెర్‌స్టా రెండు గొంతుల బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఇతనే అన్నాడు. శిక్ష పడింది. 1968లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఈ పద్ధతిని శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారన్న ఆధారం లేదంది.

అయినా వాడకం ఆగలేదు. కొన్ని కోర్టులు ఒప్పుకున్నాయి, కొన్ని కాదన్నాయి. చివరికి ఎఫ్‌బీఐ అడగగా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఒక సంఘం వేసి 1979లో నివేదిక ఇచ్చింది. ఈ పద్ధతి ఎంత కచ్చితమో పరిస్థితిని బట్టి మారిపోతుందని, కోర్టుల్లో నిజంగా ఎదురయ్యే పరిస్థితుల్లో ఎంత తప్పుతుందో చెప్పడానికి సరిపడా ఆధారాలు లేవని దాని సారాంశం.

ఎందుకు కుదరలేదు? వేలి మీద గీతలు పుట్టినప్పటి నుంచి అవే. గొంతు అలా కాదు. జలుబు చేస్తే మారుతుంది, కోపమొస్తే మారుతుంది, వయసుతో మారుతుంది. మీరు మీ పేరు రెండుసార్లు చెప్పి చూడండి, రెండు బొమ్మలు అచ్చుగుద్దినట్టు ఉండవు. దానికి తోడు ఫోన్ లైను, మైకు, గది గోడలు అన్నీ బొమ్మలో కలిసిపోతాయి. ఇద్దరు ఒకే లైను మీద మాట్లాడితే ఒకలా కనపడొచ్చు. ఒకే మనిషి రెండు లైన్ల మీద మాట్లాడితే ఇద్దరిలా కనపడొచ్చు.

కాటూరు నుంచి పిట్స్‌బర్గ్ దాకా

మనిషిని పట్టివ్వదు సరే, మరి మాటనైనా చెబుతుందా? 1970లలో చాలామంది పరిశోధకులు అదీ అనుమానమే అన్నారు. కంప్యూటర్లు మాటల్ని సరిగా గుర్తుపట్టలేకపోతుంటే, అసలు శబ్దంలోనే సరిపడా సమాచారం లేదేమో అన్నారు.

ఈ చోట ఒక తెలుగాయన వస్తారు. చిత్తూరు జిల్లా, శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డిగారు, లోకానికి రాజ్ రెడ్డి. గిండీలో ఇంజినీరింగ్, ఆస్ట్రేలియాలో పై చదువు, అక్కడే ఉద్యోగం, తర్వాత 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్. 1969 నుంచి పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. కంప్యూటర్‌కి మాట అర్థమయ్యేలా చెయ్యడమే ఆయన జీవితకాలపు పని. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

రెడ్డిగారు, రొనాల్డ్ కోల్, అలెగ్జాండర్ రుడ్నికీ, విక్టర్ జూ కలిసి 1980లో ఒక అధ్యయనం ప్రకటించారు. జూ చైనాలో పుట్టి, చదువు కోసం అమెరికా వచ్చి ఎంఐటీలో స్థిరపడిన మనిషి. సంవత్సరాల తరబడి స్పెక్ట్రోగ్రాములు చదవడం సాధన చేశాడు. మాట వినిపించకుండా ముందు బొమ్మ మాత్రమే పెడితే, సుమారు 85 శాతం ధ్వనుల్ని సరిగ్గా చెప్పాడు. అర్థంలేని మాటలు కలిపి పెట్టినా బొమ్మలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. దాంతో తేలింది: సమాచారం బొమ్మలో ఉంది, చదవడం మనకే రాలేదు. ఇవాళ మీరు ఫోనులో తెలుగులో మాట్లాడితే అది టైపు చేస్తోందంటే, అందులో చాలా పద్ధతులు ముందు శబ్దాన్ని ఇలాంటి బొమ్మ లెక్కగా మార్చుకుని చదువుతున్నాయి.

అదే కార్నెగీ మెలన్‌లో 1999లో డొమినిక్ మజ్జోనీ అనే విద్యార్థి, రోజర్ డానెన్‌బర్గ్ అనే ప్రొఫెసరు కలిసి ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. 2000లో ఉచితంగా వదిలారు. దాని పేరు ఆడాసిటీ. ఒకప్పుడు గది నిండా సామాను, కాలిన కాగితం వాసన, నిమిషాల నిరీక్షణ. ఇప్పుడు క్షణంలో అయిపోతోంది. 1965లో జేమ్స్ కూలీ, జాన్ ట్యూకీ ప్రకటించిన వేగమైన లెక్క పద్ధతి, ఎఫ్ఎఫ్‌టీ, దానికి పునాది.

మీరే చేసి చూడండి

ఆడాసిటీలో మీ ఆడియో ఫైలు తెరవండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ లాంటివి తెరుచుకోకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఇంకో ఉచిత సరుకు జతచెయ్యాలి. ట్రాకు మెనూలో "స్పెక్ట్రోగ్రామ్" ఎంచుకోండి. సెట్టింగుల్లో పై హద్దు 8000 హెర్ట్జ్ పెట్టండి. "విండో సైజు" అని ఒకటుంటుంది. 256 పెడితే అక్షరాల కదలిక బాగా కనపడుతుంది. 4096 పెడితే స్వరం గీతలు విడివిడిగా కనపడతాయి. పాటర్ కాలపు వెడల్పు ఫిల్టరు, సన్న ఫిల్టరు ఇవే. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. సమయం స్పష్టంగా కావాలంటే మెట్టు అలుక్కుపోతుంది, మెట్టు స్పష్టంగా కావాలంటే సమయం అలుక్కుపోతుంది. బొమ్మని దాచుకోవాలంటే స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్, సాక్స్ అనేవి నేరుగా బొమ్మ ఫైలే తయారుచేస్తాయి.

ఇప్పుడు చూడండి. పాత రకం ఫోన్ లైను మీది కాల్ రికార్డు అయితే 3400 దగ్గర కత్తితో కోసినట్టు పైనంతా ఖాళీ. ఇంటర్నెట్ మీద వచ్చినది అయితే చాలాసార్లు అంతకన్నా పైదాకా ఉంటుంది.

1980లలో గల్ఫ్ వెళ్లినవాళ్లు ఉత్తరాల బదులు క్యాసెట్లు పంపుకునేవాళ్లు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే కంప్యూటర్‌లోకి ఎక్కించి, విండో సైజు బాగా పెంచి, అడుగున 500 హెర్ట్జ్ లోపు చూడండి. కరెంటు మీద నడిచే రికార్డరైతే ఒక సన్నటి గీత ఆగకుండా సాగుతూ కనపడొచ్చు. అది కరెంటు మోత. ఇండియా, దుబాయ్, కువైట్, ఖతార్ అయితే 50 దగ్గర, సౌదీ, అమెరికా అయితే 60 దగ్గర. క్యాసెట్ వేగం అటూఇటూ అయితే గీత కూడా కొంచెం జరుగుతుంది. మాట్లాడింది ఎవరన్నది ఆ బొమ్మ చెప్పదు గానీ, ఏ దేశపు కరెంటు కింద కూర్చుని మాట్లాడారో దాని ఆనవాలు మాత్రం ఉంచుతుంది.

నాకు ఈ చరిత్ర మొత్తంలో అర్థమైంది ఇదే. బొమ్మ అన్న మాటని చూపిస్తుంది, గొంతు నడిచి వచ్చిన దారిని చూపిస్తుంది. మాట్లాడిన మనిషిని మాత్రం పట్టివ్వదు. ఆ మూడోది కూడా చేస్తుందని చెప్పినప్పుడే మనుషులు జైలుకి వెళ్లారు.

ఇప్పుడు ఆ మూడోది ఇంకా కష్టమైంది. కంప్యూటర్లే గొంతుని అనుకరిస్తున్నాయి. 2024 జనవరిలో న్యూహాంప్‌షైర్ ఓటర్లకి అధ్యక్షుడు బైడెన్ గొంతుతో దొంగ కాల్స్ వెళ్లాయి. ఆ మరుసటి నెలే, అలాంటి కృత్రిమ గొంతుతో అనుమతి లేకుండా చేసే ఆటోమేటిక్ కాల్స్ చట్టవిరుద్ధమని ఎఫ్‌సీసీ ప్రకటించింది. కాబట్టి అర్ధరాత్రి తమ్ముడి గొంతుతో "అన్నా, పోలీసులు పట్టుకున్నారు, డబ్బు పంపు" అని ఫోన్ వస్తే, గొంతు అదే కదా అని నమ్మొద్దు. పెట్టేసి, మీకు తెలిసిన నంబరుకి మీరే తిరిగి చెయ్యండి. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక మాట ముందే అనుకుని ఉంచుకోండి.

అలాగే జీతం ఇంత, పని ఇది అని ఏజెంటు పంపిన వాయిస్ మెసేజ్ ఉంటే, దాన్ని ఇంకొకళ్లకి ఫార్వర్డ్ చేసి అసలుది తుడిచెయ్యొద్దు. వచ్చిన ఫోనులోనే, వచ్చిన తేదీతో ఉంచండి. ఒక కాపీ వేరే చోట పెట్టండి. రేపు ఎవరైనా అది తన గొంతు కాదంటే, బొమ్మ ఒక్కటే మిమ్మల్ని కాపాడలేదు. ఏ నంబరు నుంచి, ఎప్పుడు, ఏ మాటల మధ్య వచ్చిందన్న ఆధారమే మీ పక్షాన నిలబడుతుంది.